నీళ్లు చూడని గడియారం

"సముద్రమే మన తల్లి! లోతే మన మతం! ఈ మణికట్టే మన జెండా కర్ర!"

ప్రతి నెలా మొదటి గురువారం ఈ మహావాక్యంతోనే మా సభ మొదలవుతుంది. చెప్పేది అధ్యక్షులు డాక్టర్ గ్రాంట్ వాండర్‌హోఫ్ గారు. వృత్తి వంకర పళ్లకు తీగలు బిగించడం. సభ జరిగేది ఒమాహాలో ఓ మాంసం హోటలు కింద నేలమాళిగలో. మా నెబ్రాస్కా నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా, రోజు రోజంతా కారు నడిపితే గానీ ఉప్పునీళ్లు కంటపడవు. దూరపు కొండలు నునుపన్నారు గదా! దూరపు సముద్రం ఇంకా నునుపు.

క్లబ్బు పేరు అగాధ సోదర సంఘం. ముప్పై ఇద్దరు సభ్యులు. చేరడానికి అర్హతలు రెండే. ఒకటి, సముద్రం అడుగుకు దిగేవాళ్ల కోసం చేసిన గడియారం, మూడొందల మీటర్ల లోతులో కూడా చుక్క నీరు చొరనివ్వనిది, పదివేల డాలర్లు దాటినది, చేతికి ఉండాలి. రెండు, ఆ గడియారం పుట్టి బుద్ధెరిగాక నీళ్లు చూసి ఉండకూడదు.

నవ్వకండి! ఇందులో పెద్ద శాస్త్రం ఉంది. కంపెనీ వాడు వెనకవైపు అంటించిన ప్లాస్టిక్ పొర ఊడితే విలువ సగం. మెరుగు పెట్టించారా, సర్వనాశనం. నల్లటి డయలు ఎండకు వెలిసి పలచటి కాఫీ రంగుకు తిరిగితే మాత్రం రెట్టింపు. పాడైనది కొత్తదాని కంటే ఖరీదు, వాడనిది వాడినదాని కంటే ఖరీదు. ఈ రెండూ ఒకేసారి నమ్మగలిగినవాడే సేకర్త!

నా పేరు లైల్ హ్రుస్కా. వడగళ్ల వానకు ఇళ్ల కప్పులకీ కార్లకీ పడ్డ సొట్టలు కొలిచి, ఇన్సూరెన్సు కంపెనీకి చీటీ రాసే ఉద్యోగం. పదహారేళ్లుగా సొట్టలు కొలుస్తున్నవాణ్ణి పార్టీలో ఎవరైనా పలకరిస్తారా? అందుకే ఆ క్లబ్బులో చేరాలనుకున్నాను. ఒక్కసారైనా నలుగురిలో నిలబడి నా చెయ్యి చూపించాలని, ఎవరో ఒకరు "అబ్బా!" అనాలని నా ఆశ.

ఆ గడియారం డబ్బిస్తే రాదండోయ్! ముందు దుకాణం వాడి మనసు గెలవాలి. "మీ పేరు జాబితాలో ఉంది సార్. ఈలోగా ఇంకేమైనా చూస్తారా?" అంటాడు. ఈలోగా నేను రెండు జతల చెవి కమ్మలు, ఒక గొలుసు, ఒక బల్ల గడియారం చూశాను, కొన్నాను కూడా. మా ఆవిడ డోరీన్‌కు చెవులు కుట్టించలేదు. నాలుగేళ్లకు ఫోనొచ్చింది. అప్పుడు నేను ఎవరిదో కప్పు మీద ఉన్నాను. కాలు జారి కింద పడేవాణ్ణే.

గడియారం ఇంటికొచ్చిన రోజు రాత్రి భోజనాలయ్యాక డోరీన్ అంది:

"గిన్నెలు కడుగు, నీ వంతు."

"ఆగు, గడియారం విప్పి వస్తా."

"మూడొందల మీటర్ల లోతుకు దిగే గడియారం గిన్నెల తొట్టికి భయపడుతుందా?"

"నీకు తెలీదు డోరీన్. ఇది నీళ్ల కోసం చేసింది. నీళ్లలో పెట్టడం కోసం కాదు."

ఆమె గిన్నెలు తనే కడుక్కుంది. ఆమె చేతికి సూపర్‌మార్కెట్లో కొన్న పద్దెనిమిది డాలర్ల ప్లాస్టిక్ గడియారం ఉంది. సబ్బు నురగలో మునిగి తేలుతూ హాయిగా టిక్కుటిక్కుమంటోంది. పాపం, దానికేం తెలుసు!

ఇక జూన్ నెల వచ్చింది. క్లబ్బు వారి వార్షిక మునక దినం. ప్లాట్ నది పక్కన ఇసుక తవ్వగా మిగిలిన గుంట ఒకటి చెరువైంది, అక్కడికి అందరూ సకుటుంబంగా వస్తారు. సోదరులు అద్దెకు తెచ్చిన రబ్బరు సూట్లలోకి దూరి, కాళ్లకు కప్పకాళ్ల చెప్పులు తొడుక్కుని, నీళ్లలోకి కట్టిన చెక్క వేదిక మీద వరసగా నిలబడతారు. కార్యదర్శి మిల్టన్ ప్రూయెట్ గారు, డెబ్బై ఏళ్ల మాజీ పన్నుల లాయరు, మంగలివాళ్లు జుట్టు తడిపే చిమ్ముడు సీసాతో అందరి మొహాల మీదా నీళ్లు చిలకరిస్తారు. మొహాల మీదే! మణికట్ల మీద పడితే జరిమానా. ఫోటో తీసుకుంటారు, చిల్లీ అనే మాంసం, చిక్కుడు గింజల కూరలో దాల్చినచెక్క పొడి వేసిన తీపి రొట్టె ముంచుకు తిని ఇళ్లకు పోతారు. అయిపోయింది మునక.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక నా సభ్యత్వం మీద ఓటింగు. అందుకని పొద్దున్నించీ వాండర్‌హోఫ్ గారి పక్కనే తిరుగుతున్నాను. ఆయన తన వెలిసిన గడియారం మీది పెద్ద గీత చూపించి, "కరీబియన్‌లో ఎనభై అడుగుల లోతున, సొరచేప తోక తగిలి!" అన్నారు. పదహారేళ్ల అనుభవంతో చెబుతున్నాను, అది కారు తలుపు సందులో పడ్డ గీత. నీళ్లు చూడకూడదన్న రూలు సంగతి కూడా అడగలేదు. "అబ్బా!" అన్నాను. ఓటు ముఖ్యం గదా.

ఫోటోకి బాగుంటుందని అధ్యక్షులు ఒకడుగు వెనక్కి వేశారు. కప్పకాళ్ల చెప్పులతో వెనక్కి నడిచినవాడు బాగుపడ్డట్టు నేనెక్కడా వినలేదు. దబ్బున పడ్డారు! మనిషి మునిగిపోయాడు, ఎడమ చెయ్యొక్కటే పైకి లేచి ఉంది.

"గడియారం! గడియారం పైకి పట్టుకోండి!" అని అరిచారు సోదరులంతా.

ఒక్కడు దూకితే ఒట్టు! ఒకాయన గడియారం కొక్కెం విప్పుకుంటున్నాడు. "నాది రబ్బరు వాషరు మార్చి పదకొండేళ్లయింది, రిస్కు" అంటున్నాడు ఇంకొకాయన. మిల్టన్ గారు నియమావళిలో ఇలాంటి సందర్భానికి ఏం రాసి ఉందో వెతుకుతున్నారు.

నేను పల్లెవాణ్ణి. పశువుల నీళ్ల తొట్టిలో ఈత నేర్చుకున్నవాణ్ణి. ఆలోచించి ఉంటే దూకేవాణ్ణి కాదు. ఆలోచన రాకముందే దూకేశాను.

చూద్దును గదా, నీళ్లు బొడ్డు దాకా ఉన్నాయి! డాక్టరు గారు మోకాళ్ల మీద కూలబడి కొట్టుకుంటున్నారు.

"లేచి నిలబడండి డాక్టర్ గారూ!"

"నిలబడలేను! ముందు గడియారం పట్టుకో, తర్వాత నన్ను పట్టుకో!"

రెండూ పట్టుకుని ఒడ్డుకు చేర్చాను. నా గడియారం నిక్షేపంగా నడుస్తోంది. దాని వెనక ప్లాస్టిక్ పొర మాత్రం ఊడి, నీళ్ల మీద తేలుతోంది. మిల్టన్ గారు వలతో దాన్ని తీసి, సంచిలో వేసి, పైన తేదీ రాశారు.

మధ్యాహ్నం ఓటింగు జరిగింది. నాకు సున్నా, వ్యతిరేకం ముప్పై రెండు. వాండర్‌హోఫ్ గారు తువ్వాలు కప్పుకుని వణుకుతూ నా చెయ్యి పట్టుకున్నారు.

"నీ రుణం ఈ జన్మలో తీరదు లైల్. కానీ నీ గడియారం నీళ్లు చూసింది. రూలు రూలే!"

"మీది కూడా మునిగింది గదండీ?"

"నేను దూకలేదు, పడ్డాను. పైగా నా చెయ్యి పైనే ఉంది. సాక్షులున్నారు."

కారులో ఏడుపు ఆగలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఎక్కి ఎక్కి ఏడ్చాను.

"ఒక మనిషిని బతికించావు లైల్! నాకు గర్వంగా ఉంది" అంది డోరీన్.

"పొర పోయింది డోరీన్! పొర!"



తర్వాతి ఆదివారం ఊరి పేపర్లో నా ఫోటో వేశారు: "మునక గడియారంతో మునిగి, మనిషిని తేల్చిన హ్రుస్కా." బుధవారానికి చికాగో నుంచి ఒక సేకర్త ఫోను. "నిజంగా నీళ్లలో దిగిందా? సాక్ష్యాలున్నాయా? మూడింతలిస్తాను!" శుక్రవారానికి వాండర్‌హోఫ్ గారు దాల్చిన రొట్టెల పెట్టె పట్టుకుని మా గుమ్మంలో ఉన్నారు.

"రూలు మార్చాం సోదరా! నీళ్లు చూడనిది అసలు గడియారమే కాదని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను."

ఎప్పుడన్నారు స్వామీ? అడగలేదు. అడిగితే ఉపాధ్యక్ష పదవి ఇచ్చేవారా? ఆ గురువారం నేలమాళిగలో నేను నిలబడి చెయ్యి చూపించాను. ముప్పై రెండు నోళ్లు ఒక్కసారే "అబ్బా!" అన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ, ఆనందంతో.

చికాగో ఆయనకు ఇప్పుడే అమ్మనన్నాను. ఊరించినకొద్దీ ధర పెరుగుతోంది మరి. సంఘానికి ఒక కొత్త నియమం కూడా స్వయంగా రాశాను: చరిత్ర గల గడియారానికి ఒక్కటే మునక. మొదటి నీటి మీద రెండో నీరు పడితే చరిత్ర కల్తీ అయిపోతుంది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఏడాది పాటు గిన్నెలు డోరీనే కడిగింది.

మళ్లీ జూన్ వచ్చింది, మళ్లీ మునక దినం. ఈసారి సోదరులు వరసలో నిలబడి ఒక్కొక్కరే బొడ్డు లోతు నీళ్లలోకి దూకి, "రక్షించండి!" అని అరవాలి. నేను ఒడ్డున నిలబడి కర్ర అందించి, ఫలానావారు అగాధం నుంచి రక్షింపబడ్డారు అని కాగితం మీద సంతకం పెట్టాలి. నా మణికట్టు తడవకుండా కర్ర పొడుగ్గా చేయించాను. డోరీన్ చెట్టు కింద చిల్లీ వడ్డిస్తోంది.

మిల్టన్ గారికి వరసలో నిలబడే ఓపిక లేకపోయింది. "ఇటువైపు ఖాళీగా ఉంది" అంటూ వేదికకు రెండో పక్కనించి దూకారు. అటువైపు ఇసుక తవ్విన లోయ! మనిషి సర్రున లోపలికి పోయాడు. పైకి తేలాడు. "రక్షించండి" అని కూడా అనలేదు. రెండు చేతులూ నీళ్లను కొడుతున్నాయి. గడియారం ఉన్న చెయ్యి కూడా. అది చూశాక నిజంగా మునుగుతున్నాడని తెలిసిపోయింది.

"హ్రుస్కా! దూకు!" అన్నారంతా.

దూకుతాను, ఎందుకు దూకను? ముందు కొక్కెం విప్పాలి గదా. రెండో నీరు పడకూడదు. కొక్కెం రావడం లేదు. వచ్చింది. ఎక్కడ పెట్టను? చెక్క మీద పెడితే గీతలు పడతాయి. జేబురుమాలు తీసి మడత పెడుతున్నాను, ఒకటి, రెండు...

నా పక్కనించి ఏదో దూసుకుపోయింది. డోరీన్! గౌనుతో, గరిటె చేతిలోనే ఉంది, అమాంతం దూకేసింది. మిల్టన్ గారి కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చి చెక్క మీద పడేసింది. ఆయన చెరువులో సగం కక్కి, కళ్లు తెరిచారు.

డోరీన్ తడిసి ముద్దయి, నా చేతిలోని జేబురుమాలు మూట వంకే చూస్తోంది. తిట్టినా బాగుండేది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

అప్పుడు మిల్టన్ గారు నీరసంగా వేలెత్తి, "అమ్మా, నీ చేతికి ఉన్నదేమిటి?" అన్నారు.

డోరీన్ మణికట్టు మీద పద్దెనిమిది డాలర్ల ప్లాస్టిక్ గడియారం నీళ్లు కారుతూ టిక్కుటిక్కుమంటోంది. చుట్టూ గుంపు చేరింది.

"నిజమైన లోతు! నిజమైన రక్షణ!" అన్నారు వాండర్‌హోఫ్ గారు. "ఐదువేలు!"

"ఎనిమిది!"

"కాపాడింది నన్ను! మొదటి హక్కు నాది!" అన్నారు మిల్టన్ గారు, పడుకునే.

"ఎవరూ ముట్టుకోకండి! నేను ఆమె మొగుణ్ణి!" అన్నదెవరో అనుకున్నాను. నేనే.

డోరీన్ మా అందరి మొహాలూ ఒకసారి చూసింది. గడియారం విప్పింది. చెయ్యి వెనక్కి లాగి, చెరువు నడిమధ్యకు గిరాటేసింది.

ముందు దూకింది వాండర్‌హోఫ్ గారు. ఆ వెంటనే వరసంతా. ఈత వచ్చినవాళ్లూ, రానివాళ్లూ, అప్పుడే ఊపిరి తిరిగిన మిల్టన్ గారూ. నేనూ దూకాను. జేబురుమాలు మూట చేతిలో ఉందన్న సంగతి నీళ్లలో పడ్డాక గానీ గుర్తురాలేదు. చెయ్యి తెరిచి చూస్తే ఉత్త జేబురుమాలే ఉంది.

తల పైకెత్తేసరికి చెక్క వేదిక మీద డోరీన్ ఒక్కతే నిలబడి, అత్యవసరం వాళ్లకు ఎవరిదో ఫోనులో నిదానంగా చెబుతోంది:

"ముప్పై ముగ్గురండీ... కాదండీ, జారిపడలేదు, వాళ్లంతట వాళ్లే దూకారు... ఆఁ, అందులో ఒకడు మా ఆయనే. తొందరేం లేదు, మిగతావాళ్లను తీశాక తీద్దురుగానీ."