లిఫ్టు లేని ఊళ్ళో అయిదు గదుల ఇల్లు

ఉద్యోగం దొరకని ఊరే కాపురానికి తగిన ఊరు. ఈ మాట నేను కడుపుమంటతో అనడం లేదు. సొంత ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఏ కారణమూ లేకుండా నడిచి చూసిన అనుభవంతో అంటున్నాను.

ముందు నా అర్హతలు మనవి చేసుకోవాలి. నేను లిఫ్ట్ మెకానిక్‌ని. సముద్రం ఒడ్డునున్న మహానగరంలో పద్దెనిమిదేళ్ళ సర్వీసు. లిఫ్ట్ మధ్యలో ఆగిపోయి జనం ఇరుక్కుపోతే, నేను వెళ్ళేదాకా లోపలివాళ్ళకి నేనే దేవుణ్ణి. తలుపు తెరుచుకున్నాక మాత్రం, "ఇంతసేపా?" అని దేవుణ్ణి తిట్టి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ నగరంలో మాకున్నది ఒక్క గది. మంచం వాల్చితే బీరువా తెరుచుకోదు. బీరువా తెరవాలంటే మంచం మడవాలి. ఒకరు బట్టలు మార్చుకోవాలంటే మిగతా ఇద్దరం గోడవైపు తిరిగి నిలబడాలి. మా అమ్మాయికి పదమూడేళ్ళు నిండాక మా ఆవిడ ఒకరోజు పళ్ళేలు కడుగుతూ, "ఇంకెన్నాళ్ళండీ ఇలా? పిల్ల పెద్దదవుతోంది" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ గదిలో గట్టిగా ఏదైనా అంటే పక్కవాటావాళ్ళు జవాబు చెప్తారు మరి!

సరిగ్గా ఆ సమయంలో మా బావమరిది ఫోన్ చేశాడు. వాడు మాకంటే రెండేళ్ళ ముందే లోపలి ప్రాంతానికి మకాం మార్చాడు. సముద్రం నుంచి ఏడు గంటల బస్సు ప్రయాణం.

"బావా, అక్కడ నువ్వు గదికి కడుతున్న అద్దెతో ఇక్కడ అయిదు గదుల ఇంటికి వాయిదాలు కట్టొచ్చు. ఆలస్యం చేస్తే పోతుంది" అన్నాడు.

"మరి నా ఉద్యోగం?"

"నీ చేతిలో విద్య ఉంది. చేతిలో విద్య ఉన్నవాడికి ఏ ఊరైతేనేం?"

ఇంకేం ఆలోచిస్తాం? అసలు మా ఆవిడ తమ్ముడు ఒకమాట చెప్పాక మా ఇంట్లో ఆలోచించే ఆచారం లేదు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, మంచం ఆఖరిసారి మడిచి బస్సెక్కాం.

ఇల్లు చూసి మతి పోయింది. వంటగదికి కిటికీ! మా ఆవిడ ఆ కిటికీ దగ్గర నిలబడి, పొయ్యి మీద పెట్టిన పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. మా అమ్మాయి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వెంటనే తీసింది. మళ్ళీ వేసుకుంది. తలుపు ఉందో లేదో నమ్మకం కుదరక అలా ఒక పదిసార్లు చేసింది. నేను బయట నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మూడో రోజు పొద్దున్న టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని పనికోసం బయల్దేరాను. లిఫ్ట్ మెకానిక్ కొత్త ఊళ్ళో తల పైకెత్తి నడుస్తాడు. అది గర్వం కాదు, వృత్తి. ఎన్ని అంతస్తులున్నాయో లెక్కపెట్టుకోవాలి కదా! ఆ వీధి చివరిదాకా నడిచాను. పక్క వీధి కూడా చూశాను. బజారంతా తిరిగాను. మెడ నొప్పి పుట్టింది గానీ ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు.

ఎందుకు కనిపిస్తుంది? ఆ ఊళ్ళో నేల చవక. నేల చవక కాబట్టే నాకు ఇల్లు దొరికింది. నేల చవక కాబట్టే ఊళ్ళో ఎవరూ మేడమీద మేడ కట్టరు, పక్కకి కట్టుకుంటూ పోతారు. పక్కకి వెళ్ళడానికి లిఫ్ట్ దేనికి? ఆరో క్లాసు పిల్లలకి తెలిసే ఈ సంగతి పద్దెనిమిదేళ్ళ సర్వీసున్న నాకు తట్టలేదు! ఏ కారణంగా నాకు ఇల్లు వచ్చిందో, సరిగ్గా అదే కారణంగా నా పని పోయింది.

మీరైతే దీన్ని గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారు. నేను వరం అంటాను. ఎలాగో వినండి.

మొదటిది ఆరోగ్యం. నగరంలో డాక్టర్ రోజూ నడవమని ఎంత మొత్తుకున్నా నడవని మనిషిని, ఇక్కడ పని వెతుక్కుంటూ రోజుకి రెండు పూటలా నడిచాను. ఎనిమిది నెలల్లో బెల్టుకి మూడు కొత్త చిల్లులు పడ్డాయి. ఇంత గొప్ప ఫలితం ఏ జిమ్ము ఇస్తుంది చెప్పండి?

రెండోది గౌరవం. ఊరి చివర బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉంది. ప్యాకింగ్‌కి మనుషులు కావాలంటే వెళ్ళాను. అక్కడి మేనేజరమ్మ నా కాగితాలన్నీ ఓపిగ్గా చదివి, "మీరు ఈ పనికి ఓవర్ క్వాలిఫైడ్ అండీ" అంది. నగరంలో ఒక్కరు అన్నారా ఈ మాట? నేను పని అడగబోతే ఆవిడ బిరుదు ఇచ్చి పంపింది!

మూడోది ఇరుగుపొరుగు. మా వీధి అంతటి ప్రతిభావంతుల వీధి భూమ్మీద ఇంకోటి ఉండదు. అందరూ చవకగా ఇల్లొస్తోందని సముద్రం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఎదురింటాయన పడవ ఇంజన్ల మెకానిక్. ఊరికి దగ్గర్లో నీళ్ళంటూ ఉన్నది కుళాయిల్లోనే. పక్కింటాయన ఓడరేవులో క్రేన్ నడిపేవాడు. ఇప్పుడు మొక్కల కుండీలు ఆ మూల నుంచి ఈ మూలకి మారుస్తుంటాడు, ఎడమచెయ్యి పైకెత్తి తనకి తానే సిగ్నల్ ఇచ్చుకుంటూ.

దీనివల్ల వీధికి ఎంత లాభమో ఆలోచించండి. ఎవరింట్లోనైనా మిక్సీ ఆగిందంటే చాలు, ముగ్గురం స్పానర్లతో గుమ్మంలో ఉంటాం. మొదట ఎవరు విప్పాలన్న దగ్గర మాటామాటా వస్తుంది. ఒకసారి పడవాయన మా మిక్సీని విప్పి, గట్టి మోటారు వేసి బిగించాడు. అది గిన్నెతో సహా వంటగది గట్టుమీద అటునుంచి ఇటు ప్రయాణం చేసింది. అప్పటినుంచి మా వీధి ఆడవాళ్ళు ఏ వస్తువు చెడినా బయటికి పొక్కనివ్వడం లేదు.

అన్నట్టు, ఊళ్ళో లిఫ్టే లేదంటే అబద్ధమవుతుంది. ఆస్పత్రిలో ఒకటుంది. రెండంతస్తుల ఆస్పత్రి. పేషెంట్లు లిఫ్ట్ ఎక్కడానికి భయపడి మెట్లెక్కుతారు. కాబట్టి అందులో వాచ్‌మన్ పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, ఫ్యాన్ ఉందని. నేను ప్రతి సోమవారం వెళ్ళి పలకరించేవాణ్ణి.

"ఏం పెద్దాయనా, లిఫ్ట్ ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది నాయనా. చప్పుడు కూడా లేదు."

"తలుపు దగ్గర కాస్త పట్టేస్తోందేమో చూశారా?"

"లేదు నాయనా. మీరేం బెంగపెట్టుకోకండి."

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ముద్దే! ఒక జబ్బులేని యంత్రానికి జబ్బు చెయ్యాలని కోరుకుంటూ నేను ఎనిమిది నెలలు ఆ మెట్లెక్కాను. ఇంటికొచ్చి ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు. మాది కొండ కూడా కాదు, చిన్న గుట్ట. మా ఆవిడ వంటగది కిటికీ దగ్గర నిలబడడం మానేసింది. బావమరిది మా వీధిలోకి రావడం మానేశాడు. మా అమ్మాయి మాత్రం తలుపు వేసుకుని చదువుకుంటోంది. ఆ ఏడాది క్లాసులో రెండో స్థానం వచ్చింది. గోడవైపు తిరిగి నిలబడే పని లేకపోతే పిల్లలకి చదువుకునే టైము ఎంత మిగులుతుందో చూడండి!

అప్పుడే మా పాత సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "కొత్త టవర్లు రెండు లేచాయి. మనుషులు చాలడం లేదు. ఒకటో తారీఖుకి వస్తావా, వేరేవాణ్ణి చూసుకోనా?"

ఆ రోజు భోజనాల దగ్గర చర్చ జరిగింది. చర్చ అంటే, నేను మాట్లాడలేదు, మా ఆవిడ రెండు మాటలంది.

"పిల్లని మళ్ళీ ఆ ఒక్క గదిలోకి తీసుకెళ్ళలేనండీ. మీరు ఇలా పొద్దస్తమానం ఆకాశంలోకి చూస్తూ తిరగడం కూడా చూడలేను."

మేం వదిలేసిన ఆ ఒక్క గది అద్దె ఇప్పుడు ఎంతో వాకబు చేశాను. పాత ఓనరు చెప్పిన అంకె విన్నాక, అందులో మేం ఒకప్పుడు ఎంత వైభోగం అనుభవించామో అర్థమైంది.

నేను ఏం తేల్చుకున్నానో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇంతసేపూ అంతగా పొగిడావు కదా, ఇది ఎక్కడ కూర్చుని రాస్తున్నావయ్యా అని మీరు అడగనే లేదు.

ఇరవై రెండంతస్తుల టవర్ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, లిఫ్ట్ మోటారు ఉండే గదిలో కూర్చుని రాస్తున్నాను. సూపర్‌వైజర్ చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు కాబట్టి ఉండేదీ ఇక్కడే. మోటారుకీ గోడకీ మధ్య చాప పడుతుంది. కింద ఎవరైనా బటన్ నొక్కితే నా తల పక్కన మోటారు లేస్తుంది, దానితోపాటు నేనూ లేస్తాను. సముద్రం కనిపించే ఫ్లాటు కోసం కింద జనం జీవితాంతం వాయిదాలు కడుతున్నారు. నాకు పైసా ఖర్చు లేకుండా నాలుగు వైపులా కనిపిస్తోంది. ఇది వరం కాక మరేమిటి?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రెండూ గెలిచాను. కాకపోతే రెంటికీ మధ్య ఏడు గంటల బస్సు ఉంది.

ఇళ్ళు కట్టేవాళ్ళూ పనులు పుట్టించేవాళ్ళూ జీవితంలో ఒక్కసారైనా ఒకే బస్సెక్కి ఒకే ఊళ్ళో దిగితే బావుణ్ణు అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. మెకానిక్‌ని, పెద్ద విషయాలు నాకు తెలియవు. అనిపించింది చెప్పాను.

పదిహేను రోజులకోసారి శనివారం డ్యూటీ దిగి బస్సెక్కుతాను. ఆదివారం తెల్లారేసరికి ఇల్లు చేరతాను. స్నానం చేసి నడుం వాలుస్తాను. లేచేసరికి మళ్ళీ బస్సు టైమవుతుంది. మా ఆవిడ బాక్సు కట్టి ఇస్తుంది. మొదట్లో మా అమ్మాయి మంచం పక్కన చప్పుడు చెయ్యకుండా కూర్చునేదట, ఆ తర్వాత మానేసింది.

మొన్నటి ఆదివారం బెల్ కొట్టాను. మా అమ్మాయి తలుపు తీసి, నా చేతిలోంచి బ్యాగ్ అందుకుంది. ముందుగదిలో కుర్చీ చూపించింది. మంచి గ్లాసులో నీళ్ళు పోసి, కింద సాసరు పెట్టి తెచ్చింది. మా ఇంట్లో ఆ గ్లాసు చుట్టాలొస్తేనే బయటికి తీస్తారు. పిల్లకి ఆ ఆలోచన కూడా ఉండి ఉండదు, అలవాటు ప్రకారం తీసింది. నేను గ్లాసు పక్కన పెట్టాను.

"ఎప్పుడు వెళ్తావు నాన్నా?" అనడిగింది.

"సాయంత్రం బస్సుకి తల్లీ."

"అయితే ఇవాళ పడుకోకు."

పడుకోలేదు.