కద్మా హాలుకి ఓక్ నేల

జంషెడ్‌పూర్ కద్మాలో ఉన్న మా తెలుగు శ్రామిక సంఘం హాలుకి ఓక్ చెక్కతో నేల వేయిస్తామని మంత్రిగారు ప్రకటించారు. ఆ రోజుకి హాలు పైకప్పుకి పదిహేడు చిల్లులున్నాయి. ఈ రెండు సంగతులకీ సంబంధం లేదు. లేనిది అంటగట్టవద్దని పాఠకులకి ముందే మనవి చేస్తున్నాను.

నా పేరు నీలకంఠం. టాటానగర్ స్టేషన్లో పార్సిల్ క్లర్కుని, సంఘానికి కార్యదర్శిని. అర్జీ రాసింది నేను, అడిగింది నూకమ్మ. ఇటుకలూ ఇసుకా మోసే రేజా పనికి పోయే ఆడవాళ్ళు పొద్దున్నే పిల్లల్ని మా హాల్లో ఆవిడకి అప్పజెప్పి పోతారు. మొత్తం ముప్ఫై నలుగురు. పోయినేడు వానలకి ఇద్దరు పిల్లలు నిమోనియాతో ఆస్పత్రి పాలయ్యారు. ఈ ఏడూ కురిస్తే తల్లులు పనైనా మానుకోవాలి, పిల్లల్ని ఇంట్లో పెట్టి తాళమైనా వేసుకోవాలి. అందుకని వానలకి ముందే రేకులు వేయించమని ఆవిడ కోరిక.

మంత్రిగారు అర్జీ ఆసాంతం చదివారు. "పైకి చూసేవాడు సామాన్యుడు. కిందికి చూసేవాడు నాయకుడు" అన్నారు. ఆయన అప్పుడే విదేశ పర్యటన ముగించుకుని వచ్చారు. ఏదో చలిదేశంలో ఓక్ నేల మీద నాలుగడుగులు వేశారట. అప్పటినుంచి ఆయన పాదాలకి మామూలు సిమెంటు రుచించడం లేదు.

సభ పెట్టారు. ఆయన హిందీలో చెబితే నేను తెలుగు చేశాను. "ఓక్ గట్టిది. వందేళ్ళు ఉంటుంది. అరిగితే గరుకు కాగితంతో రుద్దండి, మళ్ళీ కొత్తదే. పురుగు ముట్టదు. దాని మీద సహజంగా గీతలుంటాయి, ఏ రెండు పలకలూ ఒకలా ఉండవు. అన్నిటికంటే ముఖ్యం, కాళ్ళకి వెచ్చగా ఉంటుంది."

ఇరవయ్యేళ్ళుగా ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర నిలబడుతున్న అసిరయ్య లేచాడు. "కాళ్ళు యెచ్చగుండడానికి మాకేటి లోటు బాబూ. సల్లగుండే కర్రేదైనా ఉంటే సూడండి."

"కూర్చో అసిరయ్యా" అన్నారు మా ప్రెసిడెంటు సీతారామరావుగారు. "ఓక్ గురించి నీకేం తెలుసు?"

"నాకు తెల్దు బాబూ. సాల్ కర్ర తెలుసు. మన సుట్టూ అడివంతా అదే గదా."

"ఇక్కడ దొరికేది వేస్తే దాన్ని అభివృద్ధి అంటారా?"

అసిరయ్య కూర్చున్నాడు. నేను మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాను. అంత లోతైన మాట అది.

నూకమ్మ చెయ్యెత్తింది. "మరి రేకులో బాబూ?"

"బడ్జెట్లో ఫ్లోరింగ్ హెడ్డు కింద గ్రాంటు ఉంది నూకమ్మా" అన్నారు సీతారామరావుగారు. " రూఫింగ్ హెడ్డు కింద లేదు."

"మా పిల్లలు ఏ హెడ్డు కిందకొత్తారు?"

"అది వేరే డిపార్ట్‌మెంటు."

కాంట్రాక్టు గమ్హరియాలో వర్క్‌షాపు ఉన్న ఒకాయనకి దక్కింది. మంత్రిగారికి బావమరిది కావడం ఆయన తప్పు కాదు. పలకలు టార్పాలిన్ కప్పుకుని లారీలో వచ్చాయి. తొమ్మిది రోజుల్లో నేల తయారైంది. టీ డికాక్షన్ రంగులో నిగనిగలాడుతుంటే నా మొహం నాకే కనిపించింది. గుమ్మానికి బోర్డు కట్టారు: "ఓక్ మీదికి తడి కాళ్ళతోనూ, తడి లాగులతోనూ రాకూడదు." ముప్ఫై నలుగురూ ఆ రెండో తరగతి కిందకి వచ్చేవాళ్ళే కనక, నూకమ్మ వాళ్ళని బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టింది.

"రేపోమాపో వానొత్తాది బాబూ. ప్రారంభం అయ్యాక లోనికి రానిత్తారా?" అని నన్నడిగింది.

"చూద్దాం" అన్నాను. కార్యదర్శి అనదగిన మాటల్లో అదే మంచిది.

ప్రారంభోత్సవం శుక్రవారం పడింది. "మంత్రిగారొస్తున్నారు, నేల కళకళ్ళాడాలి" అని నూకమ్మకి ముందురోజే చెప్పాను. తప్పు నాదే. తెల్లారేసరికి ఆవిడా, నలుగురు రేజా ఆడవాళ్ళూ కలిసి పశువుల కొట్టం నుంచి రెండు తట్టల పేడ తెచ్చి, ఓక్ నేలంతా చక్కగా అలికేశారు. పైన బియ్యప్పిండితో ముగ్గులు పెట్టారు. గుమ్మానికి పసుపు రాశారు. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది.

సీతారామరావుగారు చూసి గుమ్మంలోనే కూలబడ్డారు. "ఏం చేశావు నూకమ్మా?"

"అలికేం బాబూ. శుక్రారం పూట పెద్దమనిసి వత్తుంటే వట్టి నేల మీద నడిపిత్తామేటి?"

"అది ఓక్."

"ఏదైతేనేటి బాబూ. నేలే గదా."

బిందెలతో నీళ్ళు కుమ్మరించి కడిగించారు. పేడ పోయింది. వెనకాలే ముగ్గు పోయింది. ఆ వెనకాలే డికాక్షన్ రంగూ పోయింది. పాలిపోయిన చెక్క బయటపడింది, నిండా పాత మేకుల బెజ్జాలు. నాలుగైదు పలకలకి ఒకటి చొప్పున నల్లరంగు గొడుగు బొమ్మ, దాని కింద ఇంగ్లీషు అక్షరాలు. కొన్ని తలకిందులుగా ఉన్నాయి.

పార్సిల్ ఆఫీసులో పద్నాలుగేళ్ళుగా నేను చూస్తున్న గొడుగే అది. సరుకు తడవకూడదని చెక్క పెట్టెల మీద వేస్తారు. చూడగానే పోల్చుకున్నాను. పైకి అనలేదు. కార్యదర్శి పదవి కూడా పదవే కదా.

అంతలో జీపు వచ్చింది. మంత్రిగారు నేల చూశారు. గొడుగు చూశారు. బావమరిదిని చూశారు. బావమరిది కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

"చెప్పాను కదా, ఓక్ మీద సహజంగా గీతలుంటాయని" అన్నారు మంత్రిగారు.

"గొడుగు కూడానా బాబూ?" అన్నాడు అసిరయ్య.

"ప్రకృతి విచిత్రం."

"మరి అచ్చరాలో?"

సీతారామరావుగారు అందుకున్నారు. "విదేశీ చెట్టు కదయ్యా. ఇంగ్లీషులోనే ఉంటాయి."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

ఆ చప్పట్ల మధ్యే వాన మొదలైంది. పదిహేడు చిల్లుల్లోంచి పదిహేడు ధారలు. వేపచెట్టు కింది పిల్లలు గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చారు. వాలంటీర్లు బోర్డు చూపించి ఆపేశారు. చదవడం రాని పిల్లలు బోర్డుకేసి చూస్తూ తడిశారు. నూకమ్మ చిన్నవాళ్ళిద్దర్ని కొంగు కింద దాచుకుని, మిగతావాళ్ళని ఎక్కడ దాచాలో తెలియక అలాగే నిలబడిపోయింది. నాకు సిగ్గేసింది. కుర్చీ కొంచెం లోపలికి జరుపుకున్నాను.

మంత్రిగారు తలెత్తి మొదటిసారిగా పైకప్పు చూశారు. "అయ్యో, ఓక్ తడిసిపోతోంది" అన్నారు.

పాలన ఎంత చురుగ్గా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఎనిమిది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "విలువైన ఓక్ నేలను తడి నుంచి కాపాడు నిమిత్తం" కొత్త రేకులు మంజూరయ్యాయి. మంజూరు ఫ్లోరింగ్ హెడ్డు కిందే కనక, నేలకి తప్ప ఇతరులకి ఆ కప్పు వాడరాదని షరతు. ఇప్పుడు హాల్లో ఒక్క చుక్క పడదు. తలుపుకి తాళం వేసి ఉంది, తాళంచెవి సీతారామరావుగారి దగ్గరుంది. పిల్లలు గోడవార గోనెపట్టా కింద కూర్చుంటున్నారు. ముగ్గురికి దగ్గు. ఆరుగురు తల్లులు పని మానేశారు.

మొన్న నూకమ్మ పార్సిల్ ఆఫీసుకొచ్చింది. గొడుగు బొమ్మున్న ఒక పెట్టె మీద వేలు పెట్టింది. "ఈ గొడుక్కి అర్థమేటి బాబూ?"

మంత్రిగారు దగ్గర్లో లేరు కనక చెప్పాను. "ఇది తడవకూడదు, జాగ్రత్తగా చూడండి అని."

"ఇది ఎయ్యడానికి అచ్చేదైనా ఉంటాదేటి?"

"రేకు అచ్చు ఉంటుంది. దాని మీద రంగు పూస్తే పడుతుంది."

ఆవిడ కొత్త అర్జీ రాయించుకుంది. ఈసారి రేకులు అడగలేదు. గొడుగు అచ్చు ఒకటి, నల్ల పెయింటు డబ్బా ఒకటి అడిగింది. ముప్ఫై నాలుగు చొక్కాలకి సరిపోవాలట. చొక్కాలు లేని పిల్లలకి వీపు మీదే వేస్తుందట.

అర్జీని సిఫారసు చేసి పైకి పంపించాను.