మహానగరానికి అప్పలనర్సమ్మ ఐడియా

అనకాపల్లిని మహానగరంగా తీర్చిదిద్దే బాధ్యతను ప్రభుత్వం ప్రజల నెత్తిన పెట్టింది. ఆ శుభవార్తను మంత్రి సత్తిరాజు గారు ఐడియాల పోటీ సభలో స్వయంగా మైకులో చెప్పారు.

"ఇన్నాళ్ళూ మేం ఆలోచించాం, మీరు అనుభవించారు. ఇకమీదట మీరు ఆలోచించండి, మేం అమలు చేస్తాం!"

ఇంత నిజాయితీగా ఏ మంత్రీ మాట్లాడగా నేను వినలేదు. పౌర సలహా కమిటీ మెంబర్ని కనుక ముందు వరసలో కూర్చుని, చప్పట్లు కూడా ముందు నేనే కొట్టాను.

మొదట జనంలోంచి సత్తియ్య అనే ఆయన లేచాడు. "అయ్యా, మా ఈదిలో కాలవ పొంగి ఇంట్లోకొచ్చేత్తందండి."

"అది సమస్య," అన్నారు మంత్రిగారు ప్రేమగా. "మేం అడిగింది ఐడియా. సమస్యలకి వేరే కౌంటర్ ఉంది."

"ఎక్కడండి?"

"త్వరలో ప్రారంభిస్తాం."

వెంటనే ఓ కాంట్రాక్టర్ లేచి, ఆ కాలవ మీదే రంగుల ఫౌంటెన్ పెడదామన్నాడు. నీళ్ళు ఎలాగూ పొంగుతున్నాయి కదా అన్నాడు. నేర్చుకోమన్నట్టు మంత్రిగారు సత్తియ్య వైపు చూశారు.

అప్పుడు అప్పలనర్సమ్మ లేచింది. రోజూ రాజయ్యపేట నుంచి తొలి ఆటోలో చేపల తట్టతో వచ్చి, జంక్షన్ మూల రోడ్డు వారన కూర్చుని అమ్ముతుంది. మా ఇంట్లో పులుసు ఆవిడ చలవే.

"బాబూ, మాకు నీడ నేదు. పొద్దెక్కితే సేప మెత్తబడిపోతాది. సగం రేటుకి ఇచ్చేత్తన్నాను. ఇంటికేటి అట్టుకెల్తాను? పైన ఓ రేకు ఏయించండి, సాలు."

టీవీ కెమెరా అటు తిరిగింది. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి.

"నీడ! ఏం విజన్ అండీ! ఫస్ట్ ప్రైజ్ ఈమెకే!"

మిట్టమధ్యాహ్నం ఉక్కలో ఆవిడకి శాలువా కప్పి ఫొటో తీశారు. తట్ట కూడా నెత్తిన పెట్టించి మరోటి తీశారు.

వారం తిరక్కుండా ప్రాజెక్ట్ డైరెక్టర్ తారక్ గారు నన్ను ఆఫీసుకి పిలిచారు. కంప్యూటర్‌లో ఆ తట్ట ఫొటో ఉంది.

"హోర్డింగ్ పెడుతున్నాం. చేపలు తీసేద్దాం, ఇన్వెస్టర్లు వస్తారు."

"ఫొటోకి వాసన రాదు కదండీ?"

"వాళ్ళ ఊహకి వస్తుంది. అనకాపల్లి అంటే ఏమిటి చెప్పండి?"

"బెల్లమండి."

"అదీ బ్రాండింగ్!"

తట్టలోంచి చేపలు పోయి బెల్లం దిమ్మలొచ్చాయి. ముందుకెళ్ళే నగరానికి ముడతలేమిటని ముఖం నున్నగా చేశారు. పట్టుచీర కట్టారు, పలువరస సరిచేశారు. చివరికి ఆవిడ సొంతానికి మిగిలింది తట్ట ఒక్కటే.

"మరి షెడ్డు ఎప్పుడండీ?" అన్నాను.

"ముందు అవేర్‌నెస్ రావాలి సార్. నీడ మీద అవగాహన లేని జనానికి షెడ్డు కడితే వేస్టు."

నాకా కోణం తట్టనే లేదు. సిగ్గుపడ్డాను.

జంక్షన్ మూల మేడంత హోర్డింగ్ లేచింది. 'నీడ: ఒక సామాన్యురాలి స్వప్నం' అని పెద్దక్షరాలు. చిత్రమేమంటే, దాని నీడ సరిగ్గా చేపలమ్మే చోటే పడింది. పొద్దు తిరిగేకొద్దీ ఆడవాళ్ళు తట్టలు జరుపుకుంటూ దానితోపాటే తిరిగేవారు.

"మద్దేనం దాకా సేప బిర్రుగా ఉంది, సూడు బాబూ," అని అప్పలనర్సమ్మ చేప మొప్పలెత్తి చూపించింది. చెప్పొద్దూ, నాకూ సంతోషమేసింది. బేరమాడకుండా కొన్నాను.

మూడోనాడు సెక్యూరిటీ గార్డు వచ్చాడు.

"లెగండి, లెగండి! ఈ బొమ్మ కింద సేపలేటి? ఆ తల్లెవులో ఎరికేనా?"

"ఎవులు బాబూ?" అంది అప్పలనర్సమ్మ.

"ఎండలో మాడిపోతన్న మీలాటోల్లకి నీడ కావాలని మంత్రిగారిని అడిగిన తల్లి. ఆయమ్మకి మరేద ఇవ్వక్కర్లేదా?"

అసలు సంగతి చెప్పాల్సింది పోయి, నేనే ముందు ఆ నీడలోంచి జరిగాను. కమిటీ మెంబర్ని కదా. నన్ను జరిపింది ప్రభుత్వం మీది గౌరవమే అయ్యుంటుంది.

అప్పలనర్సమ్మ తలెత్తి ఆ పట్టుచీరనీ బెల్లం దిమ్మల్నీ చాలాసేపు చూసింది. రెండు చేతులూ జోడించింది.

"సల్లగుండాలి తల్లి. నానూ అడిగేను బాబూ, నా మాట ఎవులింటారు? ఆయమ్మ సెప్తే ఇంటారేమో."

తట్ట నెత్తికెత్తుకుని ఎండలోకి నడిచింది. గార్డు కుర్చీ నీడలోకి లాక్కున్నాడు.