తెరేజమ్మ నోటి కేటాయింపు

తెరేజమ్మ కుడిచేతిని, కాళ్లను క్యాన్సర్ ఆసుపత్రికి, ఎడమచేతిని, రెండు చెవులను ఇంటికి కేటాయిస్తూ సహాయకుల విభాగం ఉత్తర్వు ఇచ్చింది. కళ్లు చెరొకటి. గుంటూరులో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు.

ఆమె భర్త ఇన్నయ్యకు పెద్దపేగు క్యాన్సర్. కీమో ఎక్కుతున్నప్పుడు పక్కన మనిషి ఉండాలి. అత్తగారు అన్నమ్మ తుంటి విరిగి మంచాన పడి ఉంది, జ్ఞాపకం కూడా పలచబడుతోంది. ఆమెకూ పక్కన మనిషి ఉండాలి. ఒక రోగిని చూసే సహాయకురాలు మరొక రోగిని చూడకూడదని నియమం. అయితే సహాయకురాలు మొత్తంగా ఉండి తీరాలని నియమంలో ఎక్కడా లేదు.

కుడిచెయ్యి ఇన్నయ్య వాంతులకు పళ్లెం పట్టేది. కాళ్లు కిందనున్న మందుల దుకాణానికీ, మీదనున్న రక్తపరీక్షల గదికీ తిరిగేవి. ఎడమచెయ్యి అన్నమ్మ పక్కగుడ్డలు మార్చేది. చెవులు ఆమె మూలుగు కోసం తలగడ దగ్గరే ఉండేవి. వెన్నెముక, కడుపు, నోరు ఎవరూ కోరలేదు గనుక వాటిని విభాగంలోనే ఒక బల్ల మీద ఉంచారు.

చిక్కు అన్నం దగ్గర వచ్చింది. పెద్దకొడుకు తిన్నాడని తెలియనిదే అన్నమ్మ ఏనాడూ ముద్ద ముట్టలేదు. ఇన్నయ్య పొలం నుంచి ఆలస్యంగా వచ్చే రోజుల్లో కూడా పళ్లెం బోర్లించి గడపలో కూర్చునేది. ఇన్నయ్యదీ అదే పద్ధతి. తల్లి తిన్నదని తెలియనిదే అతనికి ముద్ద గొంతు దిగదు. ఈ కబురు ఇద్దరికీ ఇన్నేళ్లుగా మోసింది తెరేజమ్మే. ఇప్పుడు నోరు బల్ల మీద ఉండటంతో ఇద్దరూ తినడం మానేశారు. ఇన్నయ్య బరువు ఇంకా తగ్గితే తర్వాతి కీమో ఆపేస్తామని డాక్టరు హెచ్చరించారు. అన్నమ్మ ఒకసారి సొమ్మసిల్లింది.

ఇన్నయ్య తమ్ముడు బాలశౌరి ఆపిల్ పండ్లతో అన్నను చూడవచ్చి, విభాగంలోకీ ఒకసారి తొంగిచూశాడు. అతనికి అవయవాలన్నీ సక్రమంగా అమరి ఉన్నాయి. పూటకు ఒక్కసారి అమ్మతో అన్న తిన్నాడని చెబితే చాలునని తెరేజమ్మ నోరు అతన్ని అడిగింది.

"నా నోరు అబద్ధమాడదు వదినా. రేపు ఫాదరుగారి ముందు ఎట్టా మోకరిల్లను?"

"మరి నా నోరు ఎట్టా మోకరిల్లుద్ది?"

"నీకు ఓపికెక్కువ వదినా. కావాలంటే మా ఇంటిదాని నోరు పంపిస్తా."

ఆ నోరు ఆవిడ కన్నతండ్రి మంచం దగ్గర అప్పటికే కేటాయింపులో ఉందని విభాగం అధికారి వీరాంజనేయులు గుర్తుచేశాడు. బాలశౌరి నోటినే తీసుకోకూడదా అని తెరేజమ్మ అడిగింది.

"కొడుకుల భాగాలు ఊడిరావమ్మా. కోడళ్లనైతే పెళ్లినాడే వదులు చేసి పంపుతారు," అన్నాడతను, వర్షాలు ఎప్పుడు పడతాయో చెప్పినంత మామూలుగా.

నోటిని రెండుచోట్లా తిప్పడానికి అతనికి అభ్యంతరం లేదు. అభ్యంతరం మాట మీదే. ముందు ఎక్కడ చెప్పినా ఆ మొదటి మాట అబద్ధమవుతుంది. అబద్ధానికి విభాగం అనుమతించదు. అతను చాలాసేపు ఆలోచించి, ఇంట్లో చెప్పే మాటను ముందస్తు నిజంగా వర్గీకరించాడు. కొడుకు తిన్నాడంటే తల్లి తింటుంది. నోరు ఆటోలో ఆసుపత్రికి చేరి తల్లి తిన్నదంటే, అది నిజమే. అప్పుడు కొడుకు తింటాడు, ఇంట్లో చెప్పిన మాట కూడా నిజమవుతుంది.

మర్నాడు మధ్యాహ్నం నోరు అన్నమ్మ మంచం దగ్గర ఆ మాట చెప్పింది.

"ఏం కూరతో తిన్నాడే?" అన్నది అన్నమ్మ.

"సొరకాయ."

"వాడికి సొరకాయంటే పడదుగా."

"నువ్వు తినమన్నావని చెప్పా అత్తయ్యా. తిన్నాడు."

అన్నమ్మ నవ్వి, ఎడమచెయ్యి అందించిన జావ గిన్నె ఖాళీ చేసింది. నోరు ఆటో ఎక్కింది. ఆసుపత్రిలో ఇన్నయ్య ఆ కబురు విన్నాడు. చారన్నం నాలుగు ముద్దలు మింగి, కక్కకుండా నిలుపుకున్నాడు. ఇలా తింటుంటే కీమో ఆపనవసరం లేదని నర్సు చెప్పి వెళ్లింది. అప్పుడు అతను, ఈ జబ్బు మొదలయ్యాక తొలిసారిగా, భార్య నోటివైపు చూశాడు.

"నువ్వు తిన్నావా?"

"తిన్నా," అన్నది నోరు.

ఊరి అవతల విభాగంలో బల్ల మీదున్న కడుపుకు ఆ మాట వినిపించలేదు. బల్ల మీదికి చేరినప్పటి నుంచీ అది ఖాళీగానే ఉంది. సాయంత్రం వీరాంజనేయులు గది తాళం వేయబోతూ, దుమ్ము పడకుండా దాని మీద ఒక గుడ్డ కప్పాడు. ఆ వరుసలోని మిగతా కోడళ్ల బల్లల మీద గుడ్డలు ఎప్పుడో కప్పి ఉన్నాయి.