పై వాటాలో మిల్లు

ఆ ఆదివారం పొద్దున్న కూతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టాలి. అంతే.

ఆయన బట్టల మిల్లులో మగ్గాల మధ్య తిరిగీ తిరిగీ ముసలివాడైన మనిషి. మిల్లు మూతపడినా ఆయన కాళ్ళు మాత్రం రిటైరు కాలేదు. తెల్లారింది మొదలు వంటగది నుంచి ముందుగదికీ, ముందుగది నుంచి వంటగదికీ ఒకటే తిరుగుడు. గచ్చు అరిగి కాలవ పడిందనీ, అందులో కాగితం పడవలు వదలొచ్చనీ కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు అనేవాడు. అని ఊరుకోలేదు. "ఈ ఆదివారం కూడా నా నెత్తిమీద అడుగులు వినబడ్డాయంటే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందేనమ్మా" అని తేల్చేశాడు.

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను. టీవీ చూస్తూ కూర్చో" అని కూతురు ఆయన చెవిలో అరిచింది.

"ఏముందే అందులో? నా చెవులకి ఒక్క ముక్క వినబడి చావదు."

"బొమ్మలు చూడు. లేచావంటే మనిద్దరం రోడ్డు మీదే."

ఛానళ్ళు తిప్పుతుంటే ఏదో రాక్ బ్యాండు కచేరీ తగిలింది. జుట్టు విరబోసుకున్న నలుగురు. వెనక ఒకావిడ డ్రమ్ములను పగబట్టినట్టు బాదుతోంది. తండ్రి సౌండు పెంచాడు. ఇంకా పెంచాడు. టీవీ బల్ల మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఒసే, ఇది మా షెడ్డే! మగ్గాలన్నీ ఒక్కసారి అందుకుంటే అచ్చం ఇలాగే అదిరేది!"

తగ్గించమని చెబుదామని గరిటెతో సహా పరిగెత్తుకొచ్చిన కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. కాసేపటికి గరిటె తనంతట తానే తాళం వెయ్యసాగింది.

ఆ హోరులో మాటలు సాగవు. మిల్లువాళ్ళకి అదొక లెక్కా? అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. కూతురికి ఉగ్గుపాలతో అబ్బిన భాష అది. పీక మీద చెయ్యి అడ్డంగా గీస్తే ఆపమని. పిడికిళ్ళు మెలితిప్పితే జోరు పెంచమని. "ఆపనా?" అని కూతురు పీక గీసింది. "పెంచు" అని తండ్రి పిడికిళ్ళు మెలితిప్పాడు.

ఇదంతా ఎదురు మేడ కిటికీలోంచి మందుల షాపావిడ చూసి ఓనరుకి ఫోను చేసింది. "మీ పైవాళ్ళు పీకలు కోసుకునేలా ఉన్నారండీ! అమ్మాయి చేతిలో ఆయుధం కూడా ఉంది!"

ఓనరు చీపురుకర్రతో తన సీలింగును పొడిచాడు. ఆ దెబ్బ పైన తండ్రి అరికాళ్ళకి తగిలింది. "డ్రమ్ములావిడ చెయ్యి భలే తిరిగిందే!" అని మెచ్చుకున్నాడు. ఓనరు ఇంకా గట్టిగా పొడిచాడు. పళ్ళెమంత పెచ్చు ఊడి ఆయన బట్టతల మీద పడింది. "ఇల్లు కూలిపోతోంది బాబోయ్!" అంటూ వీధిలోకి పరిగెత్తాడు. ఆ కేక వీధి చివరికి చేరేసరికి మూడంతస్తులు కూలాయి. ఉన్నవి రెండే.

ఫైరింజను వచ్చింది. బెల్లు కొట్టారు, తలుపు బాదారు. పలికిన పాపాన పోలేదు. "పగలగొట్టండి!" అని ఓనరే అరిచి, తన తలుపు తనే పగలగొట్టించుకుని లోపలికి దూరాడు.

పీకలు రెండూ భద్రంగానే ఉన్నాయి. కూతురు బిక్కచచ్చిపోయి టీవీ కట్టేసింది. గది మూగబోయింది. తండ్రి అలవాటు కొద్దీ లేచి వంటగది వైపు నడిచాడు. టప్. టప్. టప్.

ఓనరు నెత్తిన సున్నంతో అలాగే నిలబడి విన్నాడు.

"ఏమ్మా, ఆ మోత పెట్టినంతసేపూ ఈయన లేవలేదా?"

"లేదండీ. పొద్దున్నించీ కుర్చీలోనే ఉన్నాడు."

"అయితే పెట్టు. ముందు టీవీ పెట్టు!"

"మరి చప్పుడండీ?"

"చప్పుడులో నిద్రపోతాను తల్లీ. ఇంకో అడుగు ఎప్పుడు పడుతుందా అని కాచుక్కూర్చోలేకే చస్తున్నాను."

"మరి ఇల్లు?"

"ఖాళీ చేశారో, నేను ఊరుకోను!"

టీవీ మళ్ళీ అందుకుంది. తండ్రి వచ్చి కూర్చుని, ఓనరు చెయ్యి పట్టి బల్ల మీద పెట్టాడు. "ఇక్కడండీ. చెవులతో పనిలేదు." ఓనరు మొహం ముడుచుకునే ఉంది కానీ, కాలి బొటనవేలు మాట వినలేదు. ఫైరింజనువాళ్ళు కూడా హెల్మెట్లు తీసి కింద కూర్చున్నారు.

ఆ తలుపు ఓనరు ఇప్పటికీ పెట్టించలేదు. పెడితే పాట కిందికి సరిగ్గా వినబడదట.