కళ్లంలో అయిదు గీతలు

ఎండ ఎక్కకముందే కుప్పలోని మిరపకాయలు కళ్లంలో పరిచేసి, ఆ తర్వాత కూతురు అఖిలను బడికి పంపాలని నాగజ్యోతి అనుకుంది. తీరా వెళ్తే కళ్లం నడిమధ్యన తెల్లటి గీత. పక్కనే '0' అని రాసి ఉంది.

ఆమె రోడ్డు వెంట చూసింది. వరసగా ఉన్న అయిదు కళ్లాల్లోనూ ఒక్కో గీత, నడుమది తనది. దర్శి నుంచి కొత్త రోడ్డు పడుతుందని నెలరోజులుగా వింటోంది. తనకున్నది ఆ ఇరవై సెంట్లే.

"పేరయ్య బాబాయ్, ఇదేందో చూడు."

చివరి కళ్లం పేరయ్యది. గీతలన్నీ చూసొచ్చాడు. "నా దాంట్లో అరవై ఆరున్నర. గురవమ్మ దాంట్లో ఇరవై మూడున్నర. అవతలి పక్క కూడా వరసగా అవే అంకెలు. ఇటెంతో అటూ అంతే. ఇది సర్వే కొలతేనమ్మాయ్."

"మరి నాకు సున్నా ఏంది?"

"నీకు మిగిలేది కాబోలు."

"నడిమి గీతే అన్నిటికన్నా పొడుగు," అంది పక్క కళ్లం గురవమ్మ, ఓదారుస్తున్నట్టే. "చివరలకి పోయేకొద్దీ పొట్టి. ఎక్కువ పోయేది నీదే జ్యోతీ. తుళ్లూరు వైపు మా ఆడబిడ్డ వాళ్లకీ ముందు గీతలే పడ్డాయి, తర్వాత పొలమే పోయింది."

నాగజ్యోతి భర్తకు ఫోను చేసింది. మిర్చి యార్డుకు వెళ్లిన ఆయన ఎత్తలేదు. ఏడుస్తూ వెళ్లి వీఆర్వో లక్ష్మీకాంత్‌ను వెంటబెట్టుకొచ్చింది. గీతలు చూడగానే ఆయన ఆమెకంటే ఎక్కువ భయపడ్డాడు.

"నాకు చెప్పకుండా గీశారంటే పైవాళ్లేనండి. ఎవరూ తొక్కొద్దు, నా ఉద్యోగం పోద్ది." ఫోటోలు తీసి పై ఆఫీసుకు పంపేశాడు. కుప్పలో ఆరని కాయ వేడెక్కుతోంది, ఇలాగే ఉంటే బూజు పట్టేస్తుంది.

అంతలో సంచీ తగిలించుకుని అఖిల వచ్చింది. "అమ్మా, మా గీతలు ఎవరూ చెరపలేదుగా? టీచర్ చూడ్డానికొస్తారు."

"మీవా?"

"నిన్న సాయంత్రం క్లాసంతా కలిసి గీశాం. ఇది భూమధ్యరేఖ, సున్నా డిగ్రీలు. పైన కర్కటరేఖ, కింద మకరరేఖ. సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఆ రెంటి మధ్యే. చివర్లవి ధ్రువ వలయాలు. ఎంత దూరం పోయినా ఒకదాన్నొకటి కలవవు. చుట్టూ భూగోళం గుండ్రం గీసేలోగా ముగ్గు అయిపోయింది."

"ధ్రువం కాడ ఏముంటది?" పేరయ్య అనుమానంగా అడిగాడు.

"కొన్నాళ్లు పొద్దే పొడవదు తాతా."

"నా కాయలు అక్కడే ఉన్నాయి గదే."

నాగజ్యోతికి ఊపిరి తిరిగింది. కూతురి వీపున ఒకటి వేసి, చీపురు అందుకుంది. వీఆర్వో ఆ చీపురు పట్టుకున్నాడు.

"ఆగమ్మా. ఫోటోలు పైకి పోయాయి. ఇప్పుడు చెరిపితే సాక్ష్యం మాయం చేశామంటారు."

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. సర్వేయర్లిద్దరూ అఖిల చెప్పిన పాఠమంతా ఓపిగ్గా విన్నారు. టేపుతో రెండుసార్లు కొలిచారు, నాగజ్యోతి చేత సంతకం పెట్టించుకున్నారు. ఎందుకైనా మంచిదని భూమధ్యరేఖకు రెండు చివర్లా సర్వే రాళ్లు పాతి వెళ్లారు.