పారిశ్రామికవాడలో నిద్రకు అనుమతి

రాళ్లబండ పారిశ్రామికవాడలో ఎవరికీ నిద్ర రాదు, ఎందుకంటే నగర ప్రణాళిక ప్రకారం నిద్ర అనేది నివాస ప్రాంతాలకు మాత్రమే చెందిన వినియోగం. పటంలో ఇళ్లుండే చోటికి పసుపురంగు వేశారు, ఫ్యాక్టరీలుండే చోటికి ఊదారంగు వేశారు. పసుపులో నిద్ర వస్తుంది, ఊదాలో రాదు. బయట ఆవలిస్తూ వచ్చినవాడు వాడ గేటు దాటి లోపల అడుగుపెట్టగానే ఆ ఆవలింత సగంలో ఆగిపోతుంది. నియమాలంటే లెక్కలేని మనుషులున్న నగరాలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడ నిద్ర కూడా నియమం తప్పదు. అలాంటి నగరాన్ని మెచ్చుకోకుండా ఉండటం కష్టం.

దీనివల్ల ఎవరికీ పెద్ద ఇబ్బంది వచ్చినట్టు రికార్డుల్లో లేదు. రాత్రి షిఫ్టులో కునికిపాట్లు పడే పనివాళ్లు లేకపోవడంతో యజమానులు సంతోషంగా ఉండేవారు. వాడలోని కుక్కలు మధ్యాహ్నం కాగానే రోడ్డు దాటి అవతలికి పోయి పడుకునేవి. అలసట మాత్రం మామూలుగానే వచ్చేది, ఎందుకంటే అలసటను ఏ ప్రాంతంలోనూ నిషేధించలేదు. ఈ విషయంలో ప్రణాళికా విభాగం ఎంతో ఉదారంగా ప్రవర్తించిందనే చెప్పాలి.

పసుపుకీ ఊదాకీ మధ్య గీత సరిగ్గా గేటు ముందున్న రోడ్డు నడుమ నుంచి పోతుంది. కాబట్టి షిఫ్టు దిగినవాళ్లు రోడ్డు దాటి, పంక్చర్ షాపు పక్కన మూసి ఉన్న షటర్ల ముందు దుప్పట్లు పరుచుకుని పడుకునేవారు. కల్వర్టు దగ్గర మాత్రం గీత కాస్త వంకరగా పసుపువైపు చొచ్చుకొస్తుంది. అక్కడ పడుకున్నవాడు మోకాళ్ల దాకా నిద్రపోతాడు, పాదాలు మెలకువగా ఆడుతూనే ఉంటాయి. ఒక కుట్టుమిషన్ల యజమాని ఆ పాదాల కింద రెండు మిషన్లు పెట్టుకోవడానికి దరఖాస్తు కూడా చేశాడు. పాదాలు ఊదాలో ఉన్నా వాటి యజమాని అయిన తల పసుపులో ఉంది కాబట్టి తల సమ్మతి కావాలని అధికారులు కచ్చితంగా చెప్పారు. నిద్రలో ఉన్న తల సమ్మతి ఇవ్వలేకపోయింది, దరఖాస్తు తిరస్కరించారు. న్యాయం అలా జరిగింది.

ఈ ఏర్పాటుతో చిక్కు వచ్చింది ఒక్క జంటకే. మొగులయ్య, బాలమణి అద్దకం ఫ్యాక్టరీలో బాయిలర్ చూసే మొగుడూ పెళ్లాలు. గుడ్డలకు రంగులద్దడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, మండే బాయిలర్‌ను ఎక్కువసేపు ఎవరూ లేకుండా వదలకూడదు. అందుకని ఒకరు బాయిలర్ దగ్గర ఉంటే ఒకరు రోడ్డు అవతల పడుకునేవారు. వంతు మారేటప్పుడు రోడ్డు మధ్యలో ఇద్దరూ కలిసేవారు. ఒకే దుప్పటి చేతులు మారేది. చెప్పుకోవాల్సిన సంసారం కబుర్లు ఏమైనా ఉంటే అక్కడే, లారీ హారన్ కొట్టేలోపు చెప్పుకునేవారు.

పెళ్లయిన నాటి నుంచి వాళ్లిద్దరూ ఒకేసారి నిద్రపోయింది లేదు. మొగులయ్య గురక పెడతాడని బాలమణికి పంక్చర్ షాపు వెంకటి చెబితే తెలిసింది. బాలమణి నిద్రలో మాట్లాడుతుందని మొగులయ్యకు చెప్పిందీ అతనే.

"ఏమంటదిరా?" అని మొగులయ్య అడిగాడు.

"ఏమో అన్నా, ఏదో అడుగుతది. జవాబు రాకుంటే మల్ల అడుగుతది. నేను జవాబు చెప్తే బాగుండదని ఊకున్న," అన్నాడు వెంకటి.

ఆ మాట మొగులయ్య గుండెలో ముల్లులా దిగింది. తన పెళ్లాం నిద్రలో అడిగేది ఊళ్లో వాళ్ల చెవిన పడుతుంది, తన చెవిన పడదు. ఆ రోజు రోడ్డు మధ్యలో దుప్పటి అందుకుంటూ, "ఒక్కపారి, ఒక్కటంటే ఒక్కపారి ఇద్దరం పక్కపక్కన పండుకోవాలె," అన్నాడు. "నాకు మాత్రం ఆశ లేదా?" అంది బాలమణి. లారీ హారన్ కొట్టింది.

ఇంతలో అద్దకం గుడ్డలు కొనడానికి విదేశాల నుంచి వచ్చే వ్యాపారులు గొణగడం మొదలుపెట్టారు. వాళ్లు ఫ్యాక్టరీలు చూడాలి, నమూనాలు తాకాలి, ఆ తర్వాత కాస్త పడుకోవాలి. హోటల్ గది కోసం ఊరంతా దాటి పోవాలంటే ట్రాఫిక్‌లో సగం రోజు గడిచిపోతోంది. పనివాళ్ల నిద్ర సంగతి ఇన్నేళ్లుగా ఎవరి బల్ల మీదికీ రాకపోయినా, కొనుగోలుదారుల నిద్ర నెల తిరక్కుండానే సమావేశంలో చర్చకు వచ్చింది. ప్రణాళికాధికారి విద్యావతి గారు నియమాలను సవరించి, పారిశ్రామికవాడలో వెడల్పాటి రోడ్ల పక్కన హోటళ్లు కట్టుకోవచ్చని ప్రతిపాదించారు. హోటల్ గదుల్లో నిద్రకు అనుమతి ఉంటుంది. వరండాల్లో, మెట్ల మీద, రిసెప్షన్ సోఫాలో ఉండదు. విద్యావతి గారు మనసున్న మనిషి, అన్నీ ఆలోచించి రాస్తారు.

అభ్యంతరాలు, సూచనలు వినడానికి మున్సిపల్ భవనంలో బహిరంగ విచారణ పెట్టారు. వాడ నుంచి పనివాళ్లు బస్సు నిండా వెళ్లారు. బాలమణిని బాయిలర్ దగ్గర ఉంచి మొగులయ్య కూడా వెళ్లాడు. నిద్ర హోటల్ గదులకే ఎందుకు, బాయిలర్ గది పక్క రేకుల షెడ్డుకీ ఇవ్వండని అడగాలని దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాడు. అయితే మున్సిపల్ భవనం ఉన్నది పసుపురంగులో. పైగా కుర్చీలు మెత్తగా ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే నిద్రలోకి జారిపోయారు. అధ్యక్షులు మూడుసార్లు "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అని అడిగారు. హాలు నిండా ఒకటే గురక. ప్రజల సంపూర్ణ ఆమోదంతో సవరణ నెగ్గింది. నిద్ర గురించి నిద్రలోనే తేల్చుకున్న విచారణ దేశంలో ఇదే మొదటిదని విద్యావతి గారు గర్వంగా చెప్పుకున్నారు, అందులో అతిశయోక్తి లేదు. అటెండర్ వచ్చి లేపితే మొగులయ్య ఉలిక్కిపడి, తాను చెప్పాల్సింది చీపురు పట్టుకున్న అటెండర్‌కే చెప్పి వచ్చాడు.

అద్దకం ఫ్యాక్టరీ పక్కనే ఆనందరావు గారి బోల్టుల కార్ఖానా ఉండేది. ఆయన చకచకా దాన్ని కూల్చి హోటల్ కట్టారు. నిజంగా ముచ్చటైన భవనం. తెల్లటి దుప్పట్లు, మెత్తటి దిండ్లు, తలుపుల మీద ఇత్తడి అంకెలు. ఒక్కటే మిగిలింది. గదిలోకి నిద్ర వాస్తవంగా వస్తుందని అధికారుల ఎదుట రుజువైతేనే హోటల్ తెరవడానికి అనుమతి ఇస్తారు. ముందు ఆనందరావు గారే పడుకున్నారు. పెట్టుబడి పెట్టిన మనిషి, ఆయనకు పసుపులోనే సరిగ్గా నిద్ర పట్టదు. మున్సిపల్ సిబ్బంది మేం పడుకుంటామని ముందుకొచ్చారు గానీ, వాళ్లు ఎక్కడైనా నిద్రపోగలరు కాబట్టి వాళ్ల నిద్ర రుజువుగా చెల్లదని నిబంధనల్లోనే ఉంది. గది ఇద్దరికి ఉద్దేశించినది. కాబట్టి వాడలోనే ఉండే, నిద్ర అవసరం ఉన్న దంపతులు కావాలి. అటువంటి జంట ఒక్కటే ఉంది.

మొగులయ్య, బాలమణి ఆ ఉదయం తలస్నానం చేసి వచ్చారు. బాలమణి పెళ్లినాటి చీర కట్టుకుంది. అద్దకం ఫ్యాక్టరీ వాళ్లు పెద్దమనసు చేసుకుని ఆ పూట బాయిలర్ చల్లార్చేశారు. కిటికీలోంచి చూస్తే పొగగొట్టం నుంచి పొగ రావడం లేదు. గదిలో గోడవారగా కుర్చీల్లో విద్యావతి గారు, ఆనందరావు గారు కూర్చున్నారు.

"ఎటు దిక్కు పండుకోవాలె మేడం?" అని అడిగింది బాలమణి. ఏ భార్యాభర్తలకైనా మంచం మీద ఎవరి వైపు వాళ్లకుంటుంది. వీళ్లకు ఉన్నది రోడ్డుకు ఇవతల, అవతల మాత్రమే.

"మీ ఇష్టమమ్మా," అన్నారు విద్యావతి గారు.

ఇద్దరూ సిగ్గుపడుతూ పడుకున్నారు. నిద్ర వచ్చింది. ఊదారంగులోకి మొదటిసారి, అనుమతితో, తలుపులోంచి నెమ్మదిగా వచ్చింది. బాలమణి దిండు మీద తల వాల్చగానే నిద్రపోయింది. మొగులయ్య రెప్పలు కూడా బరువెక్కాయి. ఇక వాలబోతున్నాయనగా బాలమణి నిద్రలోనే అడిగింది.

"చూస్తున్నవా?"

మొగులయ్య టక్కున కళ్లు తెరిచాడు. "చూస్తున్ననే, పండుకో," అన్నాడు. ఇన్నేళ్లూ రోడ్డు అవతల ఆమె అడిగిన ప్రశ్న అదేనని అతనికి అర్థమైంది. అన్నిసార్లు అడిగినా జవాబు చెప్పేవాడు పక్కన లేడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ రెప్పలు వాలబోయాయి, మళ్లీ ఆమె అడిగింది, మళ్లీ అతను జవాబు చెప్పాడు. బాయిలర్ ఆరిపోయి ఉందని ఇద్దరికీ తెలుసు. కానీ ఆ సంగతి నిద్రలో ఉన్న బాలమణికి గుర్తులేదు, మెలకువగా ఉన్న మొగులయ్యకు నమ్మకం లేదు. నిద్ర అతనివైపు మంచం అంచున కాసేపు నిలబడి వెనక్కి పోయింది.

విద్యావతి గారు మరో అవకాశం ఇచ్చారు. నియమాల్లో లేకపోయినా ఇచ్చారు. ఈసారి మొగులయ్యను ముందు నిద్రపోమన్నారు. అతను పడుకున్న వెంటనే గురక మొదలుపెట్టాడు. బాలమణి మోచేతి మీద లేచి అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు కూడా పడుకోవాలమ్మా," అన్నారు ఆనందరావు గారు ఆదుర్దాగా.

"ఎట్ల పండుకుంట సార్? ఇంత మంచిగ గురక వెడ్తుంటే," అంది బాలమణి. "ఇద్దరం పండుకుంటే చూసెటోళ్లు ఎవరు?"

చిక్కు ఇప్పుడు స్పష్టంగా తేలింది. మంచం మీద ఒక సగం హోటల్ అయింది, రెండో సగం పరిశ్రమగానే మిగిలింది. ఇంకో అధికారి అయితే అనుమతి నిరాకరించి వెళ్లిపోయేవారు. విద్యావతి గారు అలాంటి మనిషి కాదు. కాసేపు మంచం వైపు ఆలోచనగా చూసి, అక్కడికక్కడే దాన్ని మిశ్రమ వినియోగ మంచంగా ప్రకటించారు. అయితే పరిశ్రమ సగంలో పరిశ్రమ ఏదో ఒకటి జరగాలి కదా. దానికీ ఆమే దారి చూపించారు. హోటల్‌కు వేడినీళ్లు కావాలి, పక్కనే బాయిలర్ ఉంది. గొట్టం వేసి, ఆవిరి ఒత్తిడి చూపే మీటరును ఆ గది గోడకు మంచం ఎదురుగా బిగించారు. ఇప్పుడు మెలకువగా ఉన్నవాళ్లు మంచం మీద నుంచే బాయిలర్ చూడవచ్చు. ఆ గది మొగులయ్య దంపతులకే కేటాయించారు. ఒక పట్టణ ప్రణాళిక ఇంత దయగా ఒక దిండు మీదికి వంగి చూడటం ఇదివరకు ఎవరూ ఎరగరు.

ఆ తర్వాత హోటల్ తెరిచారు. విదేశీ వ్యాపారులు పై అంతస్తుల్లో హాయిగా నిద్రపోయారు. ఇతర నగరాల నుంచి బృందాలు వచ్చి, మిశ్రమ వినియోగ మంచాన్ని చూసి, నోట్ చేసుకుని వెళ్లాయి. వాళ్లు చప్పుడు చేయకుండా, చెప్పులు బయటే విడిచి చూసేవారు. ఎప్పుడు చూసినా ఒకరు నిద్రపోతూ, ఒకరు మీటరు చూస్తూ కనిపించేవారు. రోడ్డు అవతల పడుకునే మిగతా పనివాళ్లు మాత్రం అక్కడే పడుకుంటున్నారు, వాళ్ల కోసం హోటల్ అద్దాల్లోంచి కొంచెం వెలుతురు పడే ఏర్పాటు జరిగింది.

ఒకరోజు విద్యావతి గారు గదికి వచ్చి, "మీరు మా అటెండర్‌కు చెప్పుకున్నది ఇద్దరూ ఒకేసారి నిద్రపోవాలని. అది నేను చేయలేకపోయాను," అన్నారు నొచ్చుకుంటూ.

బాలమణి నిద్రలో ఉంది. మొగులయ్య మీటరు మీద నుంచి చూపు తిప్పకుండానే, "అట్లనకుండ్రి మేడం. మొదలు మా నడుమ రోడ్డుండె, లారీలుండె. ఇప్పుడు దిండే ఉన్నది. అడిగితే జవాబు చెప్తున్న. గంతకంటె ఏం గావాలె?" అన్నాడు. అతను సంతోషంగానే ఉన్నాడు. ఎవరైనా చూసి చెప్పగలరు.

విద్యావతి గారికి ఆ మాట కొండంత ధైర్యం ఇచ్చింది. ఈ సదుపాయం ఊదారంగుకే ఎందుకు పరిమితం కావాలని ఆమె పసుపు ప్రాంతాలకూ ప్రతిపాదన రాశారు. ఇళ్లలోని మంచాల్లో కూడా ఒక సగాన్ని పరిశ్రమగా వాడుకోవచ్చు. ఎవరెవరు దరఖాస్తు చేసుకుంటారో తెలుసుకోవడానికి ముందుగా సర్వే చేయించారు. దరఖాస్తుల అవసరమే లేదని సర్వేలో తేలింది. ఇంటింటా మంచంలో ఒక సగం అప్పటికే పనిలో ఉంది. ఒకరు నిద్రలో అటు తిరిగి పడుకుని ఉంటే, రెండోవారు దిండుకు ఆనుకుని అరచేతిలో వెలిగే ఫోన్ అద్దం వైపు చూస్తున్నారు. సర్వేవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. నిద్రలో ఉన్నవాళ్లు అడుగుతున్నారు, "చూస్తున్నావా?" అని. రెండోవారు అటు తిరగకుండానే, "ఆఁ, చూస్తున్నాను, నువ్వు పడుకో," అంటున్నారు.